నాలుగు కుర్చీల విమానంలో ఎందరు ఎక్కవచ్చు?

గుజరాత్ పటం ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. సూరత్, భావనగర్ పట్టణాలు ఖంభాత్ సింధుశాఖకు చెరో వైపున ఉన్నాయి. తిన్నగా కొలిస్తే రెండింటి మధ్య దూరం సుమారు 90 కిలోమీటర్లే. కాని రోడ్డు మీద వెళ్లాలంటే సింధుశాఖను చుట్టి రావాలి. అప్పుడు దూరం 350 కిలోమీటర్లు దాటుతుంది. ఇలాంటి చోట చిన్న విమానం ఎంత ఉపయోగమో వేరుగా చెప్పనక్కరలేదు. 2022 జనవరి 1న సూరత్ నుంచి భావనగర్, అమ్రేలీ, రాజ్‌కోట్, అహ్మదాబాద్‌లకు 9 మంది ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఇందుకు వాడిన విమానం సెస్నా గ్రాండ్ క్యారవాన్. దానికి ఇంజను ఒక్కటే. రెక్క నెత్తిన ఉంటుంది. రెక్కను కింద నుంచి ఒక ఏటవాలు కమ్మి మోస్తూ ఉంటుంది. చక్రాలు మూడు, అవి లోపలికి ముడుచుకోవు.

ఈ పోలికలన్నీ క్యారవాన్‌కు తన కుటుంబంలోని ఒక చిన్న విమానం నుంచి వచ్చాయి. దాని పేరు సెస్నా 172. అందులో నాలుగే కుర్చీలు. ప్రపంచంలో ఇంతవరకు ఏ ఇతర విమానాన్నీ ఇన్ని తయారు చేయలేదు. 1956 నుంచి నేటి వరకు 44 వేలకు పైగా తయారయ్యాయి. మన దేశంలోను ఎందరో పైలట్లు ఎగరడం నేర్చుకున్నది దీనిలోనే.

ఇంత పేరున్న విమానం గురించి చాలా మామూలు ప్రశ్న ఒకటి వేసుకుందాం. నాలుగు కుర్చీలున్నాయి కదా, నలుగురు ఎక్కి, ట్యాంకుల నిండా పెట్రోలు పోసుకుని ఎగరవచ్చునా? ఎగరకూడదు అన్నదే చాలా సందర్భాల్లో సమాధానం! ఎందుకు ఎగరకూడదో తెలుసుకుంటే చిన్న విమానం రూపకల్పనలో ఉన్న కిటుకంతా తెలిసినట్లే.

రైతు కట్టిన విమానం

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి చెందిన క్లైడ్ సెస్నా వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు. యంత్రాలు బాగుచేయడంలో నేర్పరి. 1911లో తన మొదటి విమానాన్ని తానే కట్టుకుని ఎగరడం నేర్చుకున్నాడు. 1927లో విచిటా పట్టణంలో ఆయన పేరుతో కంపెనీ ఏర్పడింది. 1930లలో దాని పగ్గాలు ఆయన మేనల్లుడు, ఏరోనాటికల్ ఇంజనీరు అయిన డ్వేన్ వాలెస్ చేతికి వచ్చాయి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సొంత విమానం కొనుక్కోవాలనే ఉత్సాహం అమెరికాలో పెరిగింది. 1948లో వచ్చిన సెస్నా 170 నాలుగు కుర్చీల విమానమే. కాని దానికి రెండు పెద్ద చక్రాలు ముందు, ఒక చిన్న చక్రం తోక కింద ఉండేవి. ఈ అమరికతో ఒక చిక్కు ఉంది.

తోపుడు బండిని ముందు నుంచి లాగితే అది మన వెంట తిన్నగా వస్తుంది. వెనక నుంచి నెడితే కాస్త పక్కకు తిరిగినా ఆ తిరుగుడు ఇంకా పెరుగుతుంది. తోక చక్రం ఉన్న విమానంలో బరువంతా కేంద్రీకృతమైనట్లుండే బిందువు, అంటే గరిమనాభి, పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. నేలను రాసుకునే చక్రాలు విమానాన్ని ఆపబోతుంటే, వెనక ఉన్న బరువు ముందుకు నెడుతుంది. పైలట్ ఏ కాస్త ఏమరినా విమానం రన్‌వే మీద గిర్రున తిరిగిపోతుంది.

తోక చక్రాన్ని తీసేసి ముక్కు కింద ఒక చక్రం పెడితే గరిమనాభి పెద్ద చక్రాలకు ముందుకు వస్తుంది. ఇప్పుడు అది లాగే బండి అయింది. పక్కకు తిరిగినా తనంతట తానే తిన్నబడుతుంది. సెస్నా 172లో చేసిన ముఖ్యమైన మార్పు ఇదే. 1955 జూన్‌లో అది మొదటిసారి ఎగిరింది. 1956లో అమ్మకానికి వచ్చింది. ఆ ఒక్క సంవత్సరంలోనే 1,400కు పైగా తయారయ్యాయి.

తరువాత వచ్చిన మార్పులన్నీ కొద్ది కొద్దిగా వచ్చినవే. 1960లో నిలువు తోక ఏటవాలుగా మారింది. 1963లో వెనక వైపు కిటికీ వచ్చింది. 1968 నమూనాలో 145 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను స్థానంలో 150 అశ్వశక్తుల లైకమింగ్ ఇంజను చేరింది. 1998లో వచ్చిన 172ఎస్ నమూనా ఇంజను శక్తి 180 అశ్వశక్తులు. దాదాపు 70 ఏళ్లలో విమానం మూలరూపం మాత్రం మారలేదు.

ఆ రూపం ఎందుకు?

రెక్క పైన ఉండటం వల్ల లాభాలు చాలా ఉన్నాయి. కింద ఉన్న నేల బాగా కనిపిస్తుంది. ఎక్కడం, దిగడం సులువు. పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. కాబట్టి చాలా పాత నమూనాల్లో పంపు అవసరం లేకుండా పెట్రోలు తన బరువుతోనే ఇంజనుకు దిగేది. మన ఇళ్లపై నీళ్ల ట్యాంకు పనిచేసే సూత్రమే ఇక్కడా. పంపు లేదంటే చెడిపోయే వస్తువు ఒకటి తగ్గినట్లే.

రెక్కను మోసే ఏటవాలు కమ్మి గాలిని కొంత అడ్డుకుంటుంది. అందువల్ల వేగం తగ్గుతుంది. అయితే కమ్మి లేకపోతే రెక్క మొదలు దగ్గర చాలా బలమైన, బరువైన నిర్మాణం కావాలి. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి కొంచెం వేగం పోయినా ఫరవాలేదు, బరువు తగ్గితే చాలు అని ఇంజనీర్లు నిర్ణయించారు. చక్రాలు ముడుచుకోకపోవడానికి కూడా కారణం ఇదే.

ఇంజనులో ఎదురెదురుగా పడుకున్న నాలుగు సిలిండర్లుంటాయి. వాటిని చల్లబరిచేది గాలే. రేడియేటరు, నీళ్లు లేవు. ప్రతి సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు. వాటికి విద్యుత్తునిచ్చే మాగ్నెటోలు కూడా రెండు. ఇంజను తిరుగుతున్నంతసేపు అవే విద్యుత్తును పుట్టించుకుంటాయి కనుక బ్యాటరీ చచ్చిపోయినా ఇంజను ఆగదు. ఒక మాగ్నెటో చెడిపోతే రెండవది ఆదుకుంటుంది.

రెక్కలో మరొక సూక్ష్మం ఉంది. రెక్క గాలికి ఎదురుగా ఏ కోణంలో ఉందో దాన్నిబట్టి పైకెత్తే బలం, అంటే ఉత్థాపక బలం, పెరుగుతుంది. కోణం ఒక హద్దు దాటితే మాత్రం రెక్క పైభాగంలో గాలి ప్రవాహం విడిపోయి ఉత్థాపక బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. సెస్నా రెక్కను మొదలు నుంచి కొసకు వచ్చేసరికి సుమారు 3 డిగ్రీలు కిందికి మెలిపెట్టారు. అందువల్ల స్టాల్ మొదట రెక్క మొదలు దగ్గర వస్తుంది. కొసల వైపు గాలి ప్రవాహం ఇంకా అంటుకునే ఉంటుంది. విమానాన్ని పక్కలకు వంచే ఐలరాన్లు ఉండేది అక్కడే కనుక పైలట్ చేతిలో ఇంకా అదుపు మిగిలి ఉంటుంది. నేర్చుకునేవాడు తప్పు చేస్తాడని ముందే ఊహించి చేసిన ఏర్పాటు ఇది.

ఇక రెక్క వైశాల్యం. 172ఎస్ గరిష్ఠ బరువు 1,157 కిలోలు, రెక్క వైశాల్యం 16.2 చదరపు మీటర్లు. అంటే ప్రతి చదరపు మీటరు రెక్క మోసేది 71 కిలోలు. ఎయిర్‌బస్ ఎ320లో ఈ సంఖ్య 600 కిలోలు దాటుతుంది. రెక్క మీద భారం తక్కువ కాబట్టే సెస్నా నెమ్మదిగా ఎగరగలదు. ఫ్లాప్‌లు పూర్తిగా దించితే గంటకు సుమారు 89 కిలోమీటర్ల వేగం వరకు అది స్టాల్ కాదు. హైవే మీద కారు పోయే వేగం అది!

ఈ విమానం ఎంత మన్నికైనదో ఒక సంఘటన చూపిస్తుంది. రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు 1958 డిసెంబరు 4న లాస్ వెగాస్‌లో ఒక సెస్నా 172 ఎక్కి, 1959 ఫిబ్రవరి 7న దిగారు. 64 రోజుల 22 గంటల పాటు విమానం నేలకు దిగలేదు. రోడ్డు మీద పరుగెత్తే లారీ నుంచి గొట్టం పైకి లాగి పెట్రోలు నింపుకునేవారు.

ఇప్పుడు లెక్క చేద్దాం

ఖాళీ 172ఎస్ బరువు అందులో అమర్చిన పరికరాలను బట్టి ఒక్కో విమానానికి కొద్దిగా మారుతుంది. మనం 760 కిలోలు అనుకుందాం. గరిష్ఠ బరువు 1,157 కిలోలు. తేడా 397 కిలోలు. పైలట్, ప్రయాణికులు, సామాను, పెట్రోలు అన్నీ ఇందులోనే ఇమడాలి.

వాడుకోదగిన పెట్రోలు 200 లీటర్లు. విమాన పెట్రోలు లీటరు బరువు 0.72 కిలోలు. కనుక నిండు ట్యాంకుల పెట్రోలు 144 కిలోలు. మిగిలేది 253 కిలోలు. మనిషికి 80 కిలోల చొప్పున ముగ్గురు ఎక్కితే 240. ఒక చిన్న సంచికి మాత్రమే చోటుంది. నాలుగోవాడు నేల మీదే ఉండాలి!

నలుగురూ వెళ్లి తీరాలంటే వారి బరువు 320 కిలోలు పోగా 77 కిలోల పెట్రోలు, అంటే 107 లీటర్లు పోసుకోవచ్చు. గంటకు 36 లీటర్లు ఖర్చనుకుంటే దాదాపు 3 గంటలు వస్తుంది. అందులో 45 నిమిషాలకు సరిపడా పెట్రోలు ఆపదకు అట్టిపెట్టుకుంటే మిగిలేది రెండుంబావు గంటలు. 20 కిలోల సామాను చేర్చారా, ప్రయాణం గంటన్నర కన్న తక్కువకు పడిపోతుంది.

మరి నాలుగు కుర్చీలు ఎందుకు పెట్టినట్లు? వాడుకునేవారికి ఎంపిక ఉండాలని. దూరం కావాలంటే మనుషులను తగ్గించుకోవాలి. మనుషులు కావాలంటే దూరం తగ్గించుకోవాలి. రెండూ ఒకేసారి కావాలంటే పెద్ద ఇంజను, పెద్ద రెక్క, దానికి తగ్గ బరువు, ఖర్చు వస్తాయి. అప్పుడది శిక్షణకు పనికివచ్చే చవక విమానంగా మిగలదు.

ఎంత బరువన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యమే

బరువు హద్దులో ఉన్నంత మాత్రాన సరిపోదు. గరిమనాభి కూడా హద్దులో ఉండాలి. 172ఎస్‌లో దూరాలను ఇంజను వెనక ఉండే లోహపు అడ్డుగోడ నుంచి కొలుస్తారు. నిండు బరువుతో ఉన్నప్పుడు గరిమనాభి అక్కడి నుంచి 104 సెంటీమీటర్లకు, 120 సెంటీమీటర్లకు మధ్యలో ఉండాలి. అంటే 8 మీటర్లకు పైగా పొడవున్న విమానానికి అనుమతించిన వెసులుబాటు 16 సెంటీమీటర్లే.

ముందు కుర్చీలు 94 సెం.మీ. దగ్గర, వెనక కుర్చీలు 185 దగ్గర, పెట్రోలు 122 దగ్గర, సామాను 241 దగ్గర ఉంటాయి. ఖాళీ విమానం గరిమనాభి 100 దగ్గర ఉందనుకుందాం. సీసా ఆట గుర్తుంది కదా, దూరం పెరిగేకొద్దీ అదే బరువు ప్రభావం పెరుగుతుంది. ప్రతి బరువును దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి స్థానం వస్తుంది.

పైలట్, పక్కవారు చెరో 55 కిలోలు. వెనక ఇద్దరు చెరో 95 కిలోలు. పెట్రోలు 43 కిలోలు. సామాను 54 కిలోలు. ఖాళీ విమానం 760తో కలిపి మొత్తం 1,157 కిలోలు. బరువు సరిగ్గా హద్దు మీద ఉంది. ఇప్పుడు గుణకాలు చూడండి: విమానం 76,000, ముందు కుర్చీలు 10,340, వెనక కుర్చీలు 35,150, పెట్రోలు 5,246, సామాను 13,014. మొత్తం 1,39,750. దీన్ని 1,157తో భాగిస్తే 120.8 సెం.మీ. హద్దు దాటింది! బరువు కిలో కూడా ఎక్కువ లేదు, అయినా ఈ విమానం ఎగరడానికి వీల్లేదు.

పైలట్ పక్కన కూర్చున్న 55 కిలోల మనిషిని వెనక్కి పంపి, వెనక ఉన్న 95 కిలోల మనిషిని ముందుకు రమ్మంటే? మొత్తం 1,36,110 అవుతుంది. గరిమనాభి 117.6 దగ్గరకు వస్తుంది. కుర్చీలు మారాయంతే, విమానం హద్దులోకి వచ్చింది.

గరిమనాభి వెనక్కి జరిగితే ప్రమాదం ఏమిటి? విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పేది తోక. గరిమనాభి వెనక్కి పోయేకొద్దీ తోకకు, దానికి మధ్య దూరం తగ్గుతుంది, తోక పట్టు సడలుతుంది. ముక్కు పైకి లేవడానికి చూస్తుంది. అప్పుడు స్టాల్ వస్తే ముక్కు దించి బయటపడటం కష్టమవుతుంది. పెట్రోలు ట్యాంకులను 122 దగ్గర పెట్టడంలోని తెలివి కూడా ఇప్పుడు అర్థమవుతుంది. గరిమనాభికి దగ్గరగా ఉండటం వల్ల దారిలో పెట్రోలు ఖర్చయినా తూకం పెద్దగా మారదు.

సూరత్‌లో ఒక తీరు, హైదరాబాద్‌లో ఒక తీరు

అదే విమానం, అదే బరువు. అయినా అన్ని ఊళ్లలో ఒకేలా ఎగరదు. ఉత్థాపక బలం గాలి సాంద్రతకు, వేగపు వర్గానికి, రెక్క వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సాంద్రత తగ్గితే వేగం పెంచుకోవాలి.

15 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సముద్ర మట్టంలో ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోలు. విమాన తయారీదారులు లెక్కలు కట్టేది ఈ ప్రామాణిక గాలితోనే. సూరత్ విమానాశ్రయం దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. అక్కడ 30 డిగ్రీల రోజున సాంద్రత 1.165 ఉంటుంది. హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం ఎత్తు 531 మీటర్లు. అక్కడి పీడనం సుమారు 951 హెక్టోపాస్కల్‌లు. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం వాయు సమీకరణంతో లెక్కకడితే సాంద్రత 1.05కు పడిపోతుంది. ప్రామాణిక గాలికన్న ఇది 14 శాతం తక్కువ.

అంటే నేల విడవడానికి కావలసిన వేగపు వర్గం 16 శాతం పెరగాలి. గాలి పల్చబడితే సిలిండర్లలోకి వెళ్లే ఆక్సిజన్ తగ్గి ఇంజను శక్తి కూడా పడిపోతుంది. ప్రొపెల్లరు లాగే బలమూ తగ్గుతుంది. ప్రామాణిక గాలిలో నిండు బరువుతో 172ఎస్ సుమారు 293 మీటర్లు పరుగెత్తి నేల విడుస్తుంది. బేగంపేట మధ్యాహ్నంలో ఆ పరుగు చాలా పొడుగవుతుంది, లేచాక ఎత్తు ఎక్కడం మందగిస్తుంది. ఇలాంటప్పుడు తెల్లవారుజామున ఎగరడమో, పెట్రోలు, మనుషులను తగ్గించుకోవడమో చేయాలి.

సులువైన విమానం అంటే తప్పులన్నీ మన్నించే విమానం అని అర్థం కాదు. 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లాలో ఒక సెస్నా 172 కూలి శిక్షణలో ఉన్న ఇద్దరు యువ పైలట్లు మరణించారు. అందుకే ప్రతిసారీ బరువు, తూకం, వాతావరణం లెక్క చూసుకున్న తరువాతనే ఇంజను తిప్పాలని శిక్షణలో పట్టుబడతారు.

ఆగి మళ్లీ మొదలైంది

1986లో సెస్నా కంపెనీ 172 తయారీని ఆపేసింది. కారణం సాంకేతికం కాదు, న్యాయపరమైనది. ఎన్నో ఏళ్ల కిందట అమ్మిన విమానం కూలినా తయారీదారు మీద దావాలు పడేవి. నష్టపరిహారాలు, బీమా ఖర్చులు విపరీతంగా పెరిగాయి. 1994లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం చిన్న విమానం అమ్మిన 18 ఏళ్ల తరువాత జరిగిన ప్రమాదాలకు సాధారణంగా తయారీదారు మీద దావా వేయడానికి వీలు లేదు. ఆ తరువాత 1996లో కాన్సాస్‌లోని ఇండిపెండెన్స్ పట్టణంలో కొత్త కర్మాగారంలో ఉత్పత్తి తిరిగి మొదలైంది.

పోటీదారులు లేకపోలేదు. రెక్క కింద ఉండే పైపర్ చెరొకీ 1960ల నుంచి ఉంది. ఆస్ట్రియాకు చెందిన డైమండ్ డీఏ40ని లోహంతో కాక మిశ్రమ పదార్థాలతో చేస్తారు. సిరస్ ఎస్ఆర్20కి విమానమంతటినీ నేలకు దించగల పారాచూట్ ఉంది. మన బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రెండు కుర్చీల హంసను రూపొందించింది. అది మొదట ఎగిరింది 1993లో. మహీంద్రాతో కలిసి తయారుచేసిన ఐదు కుర్చీల ఎన్ఎం5 2011 సెప్టెంబరు 1న ఆస్ట్రేలియాలో ఎగిరింది.

ముందున్న సమస్య ఇంధనం. ఈ ఇంజన్లు వాడే పెట్రోలులో సీసం ఉంటుంది. 2030 చివరినాటికి దాన్ని మాన్పించాలని అమెరికా లక్ష్యం పెట్టుకుంది. బ్యాటరీలు పెడితే పోదా అంటారేమో. కిలో పెట్రోలులో ఉన్న శక్తి సుమారు 12 కిలోవాట్ గంటలు. నేటి బ్యాటరీల్లో కిలోకు దాదాపు 0.25 మాత్రమే. మోటారు పొదుపుగా పనిచేసినా ఈ తేడా పూడదు. 2020లో ఐరోపాలో ధ్రువీకరణ పొందిన విద్యుత్ విమానం పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోకు రెండే కుర్చీలు ఎందుకున్నాయో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఇంజను ఏదైనా, తూకం లెక్క మారదు.

చివరగా మీకొక అభ్యాసం. మీ ఇంట్లో నలుగురి బరువులు, ఒక్కొక్కరి సంచి బరువు రాసుకోండి. సూరత్ నుంచి భావనగర్‌కు 90 కిలోమీటర్లు. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో ఎంతసేపు పడుతుంది? దానికి, 45 నిమిషాల నిల్వకు కలిపి ఎంత పెట్రోలు కావాలి? మొత్తం 397 కిలోల్లో ఇమిడిందా? ఎవరిని ముందు కూర్చోబెట్టాలి? అదే నలుగురితో ట్యాంకులు నింపుకుని ఎంత దూరం పోవచ్చునని ఎవరైనా అడిగితే, ముందుగా కాగితం, పెన్సిలు తీయండి.